లాంచీ ఏసీ మధ్యాహ్నం ఆగిపోతుంటే గ్యాసు కంటే ముందు నీళ్లు చూడండి

మీ ప్రశ్నలో నాకు అర్థమైన సంగతి ఇది. సోమశిల రేవు నుంచి తిప్పే మీ 60 సీట్ల లాంచీ కింది హాలులో, నీళ్లతో చల్లబడే రెండు టన్నుల ఏసీలు రెండు ఉన్నాయి. పొద్దున ట్రిప్పులో అవి బాగానే నడుస్తాయి. మధ్యాహ్నం రెండు దాటాక, నది మధ్యలో ఉండగా, ముందు ఒకటి, కాసేపటికి రెండోది హై ప్రెషర్ అని చూపించి ఆగిపోతున్నాయి. అరగంట ఆపి మళ్లీ వేస్తే పది నిమిషాలు నడిచి మళ్లీ అదే వరస. మెకానిక్ ఒకే నెలలో రెండుసార్లు గ్యాసు ఎక్కించాడు. ఇప్పుడేమో కంప్రెసర్లు పోయాయి, రెండూ మార్చాల్సిందే అంటున్నాడు. మార్చాలా వద్దా అని మీరు అడుగుతున్నారు.

ఇప్పుడే మార్చకండి. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

నేను మిర్యాలగూడలో, నల్లగొండలో ఇళ్ల ఏసీలు బాగుచేస్తూ ఈ పనిలోకి వచ్చినవాణ్ని. సాగర్‌లో మొదటిసారి ఒక లాంచీ ఏసీ చూడడానికి పిలిచినప్పుడు ఇంటి అలవాటు కొద్దీ వెళ్లగానే గ్యాసు ఒత్తిడి చూపించే గేజి తగిలించాను. కంప్రెసర్ గ్యాసును తోసే వైపు, అంటే హై సైడ్ ముల్లు పైకి పోయి ఉంది. గ్యాసు ఎక్కువైందనుకుని కొంత వదిలేశాను. ముల్లు దిగింది, ఏసీ నడిచింది, నేను డబ్బులు తీసుకుని ఇంటికి వచ్చాను. మూడో రోజు మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి హై ప్రెషర్‌తో పాటు చల్లదనం కూడా లేదు, ఎందుకంటే ఉన్న గ్యాసు నేనే తీసేశాను. అసలు లోపం పడవ అడుగున, నేను చూడని చోట ఉంది. మీ మెకానిక్ చేసింది నా తప్పుకు తిరగేసిన రూపం, అంతే.

ఇంటి ఏసీ హాలులోని వేడిని తీసుకుపోయి బయటి యూనిట్‌లోని ఫ్యానుతో గాలిలోకి వదులుతుంది. మీ ఏసీలకు బయటి యూనిట్ లేదు. వాటికి కృష్ణ నీళ్లే బయటి యూనిట్. పడవ అడుగున ఉన్న రంధ్రం నుంచి వాల్వు, జాలి దాటి వచ్చిన నీళ్లను ఒక పంపు రెండు ఏసీల కండెన్సర్లకూ, అంటే గ్యాసు తన వేడిని నీళ్లకు వదిలే గొట్టాలకూ తోస్తుంది, అవి వేడిని మోసుకుని పడవ పక్క నుంచి ధారగా బయటపడతాయి. రెండు టన్నుల ఏసీ హాలు నుంచి లాగే వేడి సుమారు 7 కిలోవాట్లు. దానికి కంప్రెసర్ తినే కరెంటు కూడా వేడిగా మారి మరో రెండు కిలోవాట్ల దాకా కలుస్తుంది. ఈ 9 కిలోవాట్లనూ నీళ్లే మోయాలి. ఇందుకు టన్నుకు నిమిషానికి దాదాపు 12 లీటర్లు, అంటే మీ ఒక్కో యూనిట్‌కు 24 లీటర్లు కావాలి. అంత పారితే నీళ్లు లోపలికి వచ్చినప్పటి కంటే బయటికి పోయేటప్పుడు ఐదారు డిగ్రీలు వేడెక్కుతాయి. పారుదల సగానికి పడిపోతే ఆ తేడా పది పదకొండు డిగ్రీలవుతుంది, కండెన్సర్‌లో గ్యాసు ఒత్తిడి పెరుగుతుంది, ఒక హద్దు దాటగానే కటాఫ్ అనే రక్షణ స్విచ్చి కంప్రెసర్‌ను ఆపేస్తుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. గ్యాసు తగ్గిన ఏసీలో హై సైడ్ ఒత్తిడి పెరగదు, పడిపోతుంది. కాబట్టి హై ప్రెషర్ అని ఆగిపోతున్న యంత్రానికి గ్యాసు ఎక్కించడమంటే పొంగుతున్న పాల కింద మంట పెంచడమే. పైగా ఏసీలో గ్యాసు డీజిల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే లెక్క. ఎక్కడ కారిందో చూపించకుండా నెలలో రెండుసార్లు ఎక్కించారంటే మీ యూనిట్లలో ఇప్పుడు గ్యాసు ఉండవలసిన దానికంటే ఎక్కువే ఉండి ఉంటుంది. అంటే మొదట ఒక జబ్బు ఉన్న చోట ఇప్పుడు రెండున్నాయి.

రేపు పొద్దున చేయవలసిన పని చెబుతాను. దీనికి మెకానిక్ అక్కరలేదు. ఒక 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాను మూతి కోసి తీసుకోండి, ఒక మామూలు థర్మామీటరు, ఫోనులో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. ఏసీ నీళ్లు బయటపడే గొట్టం కింద క్యాను పట్టండి. ఒక్కో యూనిట్ గొట్టం విడిగా ఉంటే 50 సెకన్లలో క్యాను నిండాలి. రెండింటికీ కలిపి ఒకే గొట్టమైతే 25 సెకన్లలో నిండాలి. ఇదే పరీక్ష మధ్యాహ్నం రెండింటికి, పడవ నడుస్తుండగా, ఏసీ ఆగిపోవడానికి ముందు మళ్లీ చేయండి. నది నీటి వేడి, గొట్టం నీటి వేడి రెండుసార్లూ రాసుకోండి. ధార బాగానే పడుతోందని కంటితో చూసి చెప్పే మాట నమ్మకండి. సన్నని గొట్టం మూతిలోంచి వచ్చే సగం నీళ్లు కూడా దూరంగా పడి, ఎంతో వస్తున్నట్టు కనిపిస్తాయి.

పొద్దున క్యాను 50 సెకన్లలో నిండి మధ్యాహ్నం నిమిషంన్నర పడితే లోపం జాలి దగ్గరో, పంపు దగ్గరో, పీల్చే గొట్టంలోనో ఉంది. నా లెక్కలో మీ విషయంలో ఇదే జరుగుతోంది. సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే రోజుల్లో మీ రేవు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. శ్రీశైలం జలాశయం నిండితే 885 అడుగులు. ఎండాకాలం అది వెనక్కి జరిగేకొద్దీ లాంచీలు ఒండ్రుమట్టి మీదకు వచ్చి ఆగుతాయి. ఇంజను వేసి పడవను వెనక్కి తిప్పిన ప్రతిసారీ ప్రొపెల్లర్ అడుగు మట్టిని లేపుతుంది, ఆ బురదనీళ్లను ఏసీ పంపు పీల్చుకుంటుంది. పొద్దుటి నుంచి అలా చేరిన బురద, నాచు, గుడి మెట్ల దగ్గర వదిలిన పూలదండల దారాలు మధ్యాహ్నానికి జాలిని మూసేస్తాయి.

ఒకసారి సోమశిలలోనే ఒక పడవకు ఇలా చూశాను. అక్కడి కుర్రాడు జాలి రోజూ కడుగుతున్నానని ఒట్టేశాడు, అబద్ధం కూడా కాదు. "పొద్దుగాల మంచిగనే పడ్తయ్ సార్, పగటీలి అయ్యేసరికి సన్నగైతయ్" అన్నాడు. జాలి విప్పితే నిజంగానే శుభ్రంగా ఉంది. వాల్వు మూసి పంపు తల విప్పాను. పంపు లోపల తిరిగే చక్రం మధ్యలో, బొటనవేలంత కొబ్బరిపీచు ఉండ, దాని చుట్టూ చిప్స్ ప్యాకెట్ ముక్క ఒకటి చుట్టుకుని, అద్దుకున్నట్టు కూర్చుని ఉంది. జాలి అంచు రబ్బరు వాచరు అరిగిపోయింది. చెత్త జాలిలోంచి కాకుండా పక్క సందులోంచి దాటిపోతోంది. పది రూపాయల వాచరు. దాన్ని మార్చి, ఉండ తీసేసి, వాల్వు తెరిచిన సాయంత్రమే క్యాను 48 సెకన్లలో నిండింది. కాబట్టి జాలి శుభ్రంగా ఉందంటే దారి శుభ్రంగా ఉందని కాదు. పంపు తల కూడా విప్పి చూడండి. విప్పే ముందు అడుగు వాల్వు మూసి, జనరేటర్ బ్రేకరు దించి, ఒక మనిషిని అక్కడే నిలబెట్టండి. వాల్వు చేతిపిడి తిరిగినంత మాత్రాన లోపల మూసుకుందని అనుకోకూడదు. గొట్టం క్లిప్పు సగం వదులు చేసి నీళ్లు ఆగాయని చూశాకే పూర్తిగా లాగండి.

జాలీ పంపూ బాగున్నా నీళ్లు తగ్గుతున్నాయంటే గాలిని అనుమానించాలి. ఈ పంపులు నీళ్లను తోస్తాయిగాని గాలిని పీల్చలేవు. అందుకే వాటిని ఎప్పుడూ నీటి మట్టం కంటే కింద బిగించాలి, గొట్టం అడుగు నుంచి యూనిట్ దాకా ఎక్కుతూనే పోవాలి, మధ్యలో వంపు తిరిగి దిగకూడదు. దిగిన చోట గాలి బుడగ నిలిచి దారిని కట్టేస్తుంది. మీ లాంచీలో గొట్టాన్ని ఇనుప చట్రం మీదుగా ఎక్కించి మళ్లీ దించారేమో చూడండి. ఇంకో కారణం జనం. అక్కమహాదేవి గుహలు కనిపించగానే హాలులో ఉన్నవాళ్లంతా ఫోటోల కోసం ఒకే పక్కకు వెళతారు. పడవ అటు ఒరుగుతుంది, అడుగు రంధ్రం రెండో పక్క అంచుకు దగ్గరగా ఉంటే నీటి పైకి తేలి నాలుగు గుక్కల గాలి మింగుతుంది. ఆ గాలి ఒకసారి పంపులో చిక్కిందంటే పడవ నిటారుగా నిలబడ్డాక కూడా ధార తిరిగి రాదు. ట్రిప్పులో ఏసీ ఆగిన చోటు ప్రతిసారీ అదేనా అన్నది మీ డ్రైవర్‌ను అడగండి. ఈ ఒక్క జవాబుతో రోజంతా పట్టే వెతుకులాట తప్పుతుంది. రంధ్రం ముందు బిగించిన తొడుగు నోరు పడవ వెనక్కి తిరిగి ఉన్నా, పడవ నడిచినప్పుడే నీళ్లు తగ్గుతాయి. దాని నోరు ముందుకు చూడాలి.

మధ్యాహ్నం కూడా క్యాను సరిగ్గానే నిండి, నీటి వేడిలో తేడా ఐదారు డిగ్రీలే ఉండి, అయినా హై ప్రెషర్ వస్తుంటే అప్పుడు కండెన్సర్ గొట్టం లోపల గార కట్టిందని అర్థం. నీళ్లు పారుతున్నాయి, కాని లోహానికీ నీటికీ మధ్య పొర అడ్డుపడి వేడి దిగడం లేదు. నల్లగొండ, పాలమూరు నీళ్లనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారుగాని ఈ గారకు దానితో సంబంధం లేదు. ఇది కాల్షియం వల్ల కట్టే సున్నపు పొర, దాని మీద నాచు, ఒండ్రు. నది నీటి వల్ల ఇది నెమ్మదిగానే కడుతుంది. ఒడ్డున పడవ కడిగేటప్పుడు బోరు నీళ్లతో ఏసీ గొట్టాలు కూడా కడిగే అలవాటు కొందరికి ఉంది. ఆ పని మానుకోవాలి.

ఈ గొట్టంలోకి బ్రష్ పోదు, కరిగించాలి. 20 లీటర్ల నీళ్లలో కిలో నిమ్మ ఉప్పు కలిపి, కండెన్సర్ రెండు కొసలూ విప్పి, చిన్న కూలర్ పంపుతో ఆ నీళ్లను గంటసేపు తిప్పండి. గార ఉంటే బకెట్‌లో నురగ వస్తుంది. నురగ ఆగిపోయిందంటే కరగవలసింది కరిగిందని, లేదా నిమ్మ ఉప్పు బలం అయిపోయిందని. కొత్తగా కలిపి మరోసారి తిప్పితే ఏదో తేలిపోతుంది. బాత్‌రూమ్ యాసిడ్ వాడకండి, లోహాన్ని కూడా తినేస్తుంది. మరుగుదొడ్డికి వాడే బ్లీచింగ్ పౌడర్ బకెట్‌లోనే ఈ యాసిడ్ కలపడం మరీ ప్రమాదం, దాని నుంచి క్లోరిన్ వస్తుంది, ఇంజను గదిలో అది ప్రాణం తీయగలదు. పని అయ్యాక ఆ నీళ్లలో తినే సోడా వేసి పొంగు ఆగేదాకా కలిపి, ఒడ్డుకు తీసుకుపోయి పారబోయండి, నదిలో కాదు.

నీళ్ల సంగతి తేలాకే గ్యాసు. ఇప్పుడున్న గ్యాసును పూర్తిగా సిలిండర్‌లోకి తీయించి, వాక్యూమ్ పట్టించి (లోపలి గాలీ తేమా లాగేయించి), యూనిట్ మీది ప్లేటులో రాసినంత బరువు తూకం వేసి ఎక్కించాలి. గేజి చూసి ఉజ్జాయింపుగా వేసే పద్ధతి ఈ చిన్న యూనిట్లకు పనికిరాదు. కొన్నింటిలో కిలో లోపే పడుతుంది, వంద గ్రాముల తేడా కూడా తెలుస్తుంది. ఆర్-410ఏ అనే రకం గ్యాసు రెండు గ్యాసుల మిశ్రమం కాబట్టి దాన్ని సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి. సరైన గ్యాసు, సరైన నీళ్లు ఉండి, నది నీరు 30 డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్నప్పుడు ఆర్-410ఏ హై సైడ్ సుమారు 340 నుంచి 365 పీఎస్‌ఐ (గేజి మీది ఒత్తిడి కొలత), పాత రకం ఆర్-22 గ్యాసు అయితే 210 నుంచి 225 మధ్య నిలుస్తుంది. నిజంగా కారుతుంటే నైట్రోజన్ పట్టి సబ్బునీళ్లతో వెతకమనండి. పడవలో ఇంజను అదురుకు సన్న రాగి గొట్టాలు ఒకదానికొకటి రాసుకుని చిల్లి పడడమే నేను ఎక్కువగా చూశాను.

గాలి వైపు సంగతి రెండు మాటల్లో చెబుతాను. హాలులోని గాలి జాలి దుమ్ము పట్టి మూసుకుంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతుంది, దానివల్ల చల్లదనం పోతుందిగాని హై ప్రెషర్ రాదు. కాయిల్‌లోకి పోయే గాలికి, వచ్చే గాలికి 8 నుంచి 11 డిగ్రీల తేడా ఉంటే ఆ వైపు బాగున్నట్టే. అయితే యూనిట్ బల్ల కింద, ఇంజను గది గోడకు ఆనించి ఉందా? ఉంటే ఒక అగరుబత్తి వెలిగించి ఆ గోడ సందుల దగ్గర పట్టి చూడండి. పొగ ఏసీ వైపు లాగుతుంటే మీ ఏసీ హాలు గాలిని కాకుండా ఇంజను గది వేడిగాలిని చల్లబరుస్తోంది. చల్లదనం తగ్గడం చిన్న విషయం. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన రాకుండా అదే దారిన 60 మంది కూర్చున్న మూసిన హాలులోకి వస్తుంది. ఆ సందులు మూయించి, హాలులో ఒక మోనాక్సైడ్ అలారం పెట్టేదాకా ఏసీ వేయవద్దని నా సలహా.

ఒక విషయంలో మాత్రం మీరు ఆశ తగ్గించుకోవాలి. కదలకుండా కూర్చున్న మనిషి ఒంటి నుంచి కూడా సుమారు 120 వాట్ల వేడి వస్తుంది. 60 మందికి అది 7 కిలోవాట్లు దాటుతుంది, అంటే మీ నాలుగు టన్నుల్లో రెండు టన్నులు ప్రయాణికులకే సరిపోతాయి. మిగిలిన రెండు టన్నులతో ఏప్రిల్ ఎండలో పడమటి అద్దాలను, పదే పదే తెరుచుకునే తలుపును గెలవాలి. అన్నీ సరిగ్గా ఉన్నా మూడింటి వేళ హాలు 27, 28 దగ్గర ఆగితే అది లోపం కాదు. తెరలు వేయించండి, తలుపుకు తనంతట మూసుకునే స్ప్రింగు పెట్టించండి.

కరెంటు కూడా ఒకసారి కొలిపించండి. పొద్దున ఒక యూనిట్ వేసినప్పుడు కాకుండా మధ్యాహ్నం రెండూ, పంపూ, లైట్లూ నడుస్తుండగా కంప్రెసర్ తీగల దగ్గరే వోల్టేజి చూడాలి. అది 207 కంటే తగ్గకూడదు, జనరేటర్ 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయి జనరేటర్ 45కు దిగితే నీళ్ల పంపు వేగం పదో వంతు తగ్గుతుంది, నీటిని పైకి తోసే బలం ఐదో వంతు తగ్గుతుంది. అప్పుడు మీ క్యాను ఎందుకు నిండడం లేదో జాలిలో వెతికితే దొరకదు. రెండు యూనిట్లూ ఒకేసారి మొదలుకాకుండా మూడు నిమిషాల ఎడం పెట్టండి. జనరేటర్ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కారగానే లైను తెంచే స్విచ్చి) లేకపోతే ఈ వారంలోనే పెట్టించండి. మంచినీళ్లలో కరెంటు కారడం సముద్రంలో కంటే ప్రమాదం. ఉప్పునీరు మనిషి ఒంటికంటే బాగా కరెంటును మోస్తుంది కాబట్టి అది మనిషిని వదిలి పక్కనుంచి పోతుంది, మంచినీళ్లలో మనిషి ఒళ్లే దానికి సులువైన దారి. మీ రేవులో పిల్లలు ఈతకు దిగుతారు.

ఇక కంప్రెసర్. పాడైన కంప్రెసర్ పొద్దున బాగుండి మధ్యాహ్నం పాడుకావడం అరుదు. వాల్వులు అరిగిన కంప్రెసర్‌కు హై ప్రెషర్ తెచ్చే బలం ఉండదు; దానిలో ఒక వైపు ఒత్తిడి పెరగదు, రెండో వైపు దిగదు, తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెడితే ఆంపియర్లు ప్లేటులో రాసిన దానికంటే తక్కువ చూపిస్తాయి. మీవి కటాఫ్ దాకా ఒత్తిడి తెస్తున్నాయంటే ఇంకా బలంగానే తోస్తున్నాయి. మొదలయ్యేటప్పుడు మూలిగి ఆగిపోతుంటే ముందు కెపాసిటర్‌ను కొలిపించండి. మన దగ్గర దీన్నే ఫ్యాను కండెన్సర్ అంటారు, పైన చెప్పిన నీళ్ల కండెన్సర్ వేరు. ఆ పైన ఇన్సులేషన్ కొలిచే మెగ్గరుతో కంప్రెసర్ లోపలి తీగచుట్ట (వైండింగు) బాడీకి తగులుతోందేమో చూసి కాగితం మీద రాసిమ్మనండి. పొద్దుటి క్యాను సెకన్లు, మధ్యాహ్నపు క్యాను సెకన్లు, రెండు వేళలా నీటి వేడి, మెగ్గరు చూపిన అంకె మీ చేతికి వచ్చేదాకా కొత్త కంప్రెసర్లకు అడ్వాన్సు ఇవ్వకండి.